కారు మీద పడ్డ పెయింట్ తుంపర్లు తీసేయడం ఎలా: థిన్నర్ జోలికి పోకుండా మొదటి నుంచి చివరి దాకా

అపార్ట్‌మెంట్‌కి పెయింటింగ్ జరుగుతున్నా, పక్కింటి గేటుకి గ్రిల్స్‌కి కంప్రెసర్ పెట్టి స్ప్రే కొడుతున్నా, వీధి చివర డెంటింగ్ పెయింటింగ్ షెడ్డు ఉన్నా, కింద పార్క్ చేసిన మన కారు మీద సన్నటి పొగలా పెయింట్ వచ్చి కూర్చుంటుంది. కంటికి పెద్దగా కనపడదు, చేత్తో తడిమితే మాత్రం బానెట్ అంతా గరుగ్గా తగులుతుంది. విషయం తెలియగానే పెయింటర్ తమ్ముడు పాపం మంచి మనసుతోనే ఒక పాత బనీను గుడ్డ, థిన్నర్ సీసా పట్టుకుని వస్తాడు, "రెండు నిమిషాల్లో తుడిచేస్తా అన్నా" అంటాడు. అక్కడ ఆపండి. ఈ మార్గదర్శి మొత్తంలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలంటే అదే, మొదటి రోజు ఆ గుడ్డని కారు మీద పెట్టనివ్వొద్దు. పడ్డ పెయింట్ వల్ల పోయిన కార్ల కంటే దాన్ని తీసే తొందరలో పోయిన కార్లే ఎక్కువ.

ఎందుకంటే కారు పెయింట్ అంటే ఒక్క పొర కాదు. రేకు మీద తుప్పు పట్టకుండా వేసే కోటింగ్, దాని మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికంటే పైన పారదర్శకంగా ఉండే క్లియర్ కోట్. కంపెనీ నుంచి వచ్చిన కారుకి ఇవన్నీ కలిపినా మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే మామూలు ప్రింటర్ పేపర్ కంటే కొంచెం మందం, అంతే. అందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లు. మెరుపు మొత్తం అందులోనే ఉంది, ఎండ నుంచి రంగుని కాపాడేది కూడా అదే. గాల్లో తేలి వచ్చిన పెయింట్ దాని మీద అతుక్కుని కూర్చుంది తప్ప లోపలికి దిగలేదు. కాబట్టి మన పని దాన్ని మెల్లగా పైకి లేపడం, కింద పొరని అరగదీయడం కాదు.

ఇంకో మంచి విషయం ఏంటంటే, స్ప్రే గన్ నుంచి వచ్చిన తుంపర చాలా దూరం గాల్లో ప్రయాణిస్తే దారిలోనే సగం ఆరిపోతుంది, కారు మీద పడేసరికి పొడిలా ఉంటుంది, అందుకే గట్టిగా పట్టుకోదు. అదే కారు పక్కనే నిలబడి గేటుకి కొడితే తడిగా వచ్చి పడుతుంది, గట్టిగా అతుక్కుంటుంది. మన ఎండల్లో బానెట్ కాలిపోతుంటే ఇంకా తొందరగా గట్టిపడుతుంది. అంటే పెయింట్ ఎంత దూరం నుంచి వచ్చింది, ఎన్ని రోజులైంది అనే రెండు విషయాలు తెలిస్తే పని ఎంత కష్టమో ముందే అంచనా వేయొచ్చు.

అసలు అది పెయింటేనా

ఒక పల్చటి ప్లాస్టిక్ కవర్, కూరగాయల కవర్ అయినా చాలు, చేతికి తొడుక్కుని కడిగిన కారు మీద మెల్లగా తడమండి. ఉత్త చేతికి తెలియని చిన్న గరుకు కూడా కవర్ లోంచి స్పష్టంగా తెలుస్తుంది. మన దగ్గర తెల్ల కార్లు ఎక్కువ, పడేదేమో తెల్ల పెయింటో క్రీమ్ కలరో, కంటితో చూస్తే ఏమీ దొరకదు, అలాంటప్పుడు అద్దాలు, నల్ల ప్లాస్టిక్ భాగాలు, హెడ్‌లైట్లు చూడండి, చుక్కలు అక్కడ బయటపడతాయి.

గరుకు ఉన్నంత మాత్రాన పెయింట్ అని ఖాయం కాదు. రైల్వే ట్రాక్ పక్కనో, వెల్డింగ్ షాపు పక్కనో కారు పెడితే సన్నటి ఇనుప రజను పడి నారింజ రంగు చుక్కలు కడుతుంది, దానికి ఐరన్ రిమూవర్ అని వేరే మందు ఉంది. చెట్టు బంక అయితే చుక్కలు పెద్దగా, పసుపచ్చగా, జిగటగా ఉంటాయి. పెయింట్ పొగ అయితే చుక్కలన్నీ దాదాపు ఒకే సైజు, ఒకే రంగు, గాలి వీచిన వైపు ఎక్కువగా, రెండో వైపు తక్కువగా ఉంటాయి.

కడగక ముందే చేయాల్సిన రెండు పనులు

ఒకటి, ఫొటోలు, వీడియో. దగ్గర నుంచి అద్దం మీద చుక్కలు, దూరం నుంచి కారు, వెనకాల పెయింటింగ్ జరుగుతున్న బిల్డింగ్ లేదా జూలా (పెయింటర్లు వేలాడుతూ పనిచేసే ఊయల) కనపడేలా తీసుకోండి. అసోసియేషన్ వాళ్లతోనో కాంట్రాక్టర్‌తోనో ఖర్చు మాట్లాడాలంటే ఇవే సాక్ష్యం, ఒకసారి కడిగి పాలిష్ చేశాక ఏమీ చూపించలేరు.

రెండోది ఇంకా ముఖ్యం, మేస్త్రీ దగ్గరికి వెళ్లి గొడవ పెట్టుకోకుండా "అన్నా, ఏ పెయింట్ కొట్టారు, ఆ డబ్బా ఒకసారి చూపించండి" అని అడగండి. డబ్బాని ఫొటో తీసుకోండి. బయట గోడలకి కొట్టే ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ అయితే నీళ్లతో కలిపేది, మనకి సులువు. గేట్లకి గ్రిల్స్‌కి కొట్టేది ఎక్కువగా ఎనామిల్, దాన్ని టర్పెంటైన్‌తో కలుపుతారు. తలుపులకి ఫర్నిచర్‌కి పీయూ, అంటే పాలీయూరిథేన్ పెయింట్, కొడితే అందులో హార్డ్‌నర్ అనే గట్టిపరిచే మందు కలుస్తుంది, ఒకసారి గట్టిపడ్డాక కారుకి హాని చేయకుండా దాన్ని కరిగించే ద్రావకం ఏదీ లేదు. కారు షెడ్డు నుంచి వచ్చింది కూడా చాలాసార్లు ఇలా హార్డ్‌నర్ కలిపిన పెయింటే. ఈ ఒక్క ప్రశ్నకి జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే, మిగతా దారంతా దాన్ని బట్టే.

కడగడం

పెయింటింగ్ జరిగే చోట పెయింట్ ఒక్కటే పడదు, లప్పం రుద్దిన దుమ్ము కూడా పడుతుంది, అది సన్నటి ఇసుక కాగితం లాంటి పనే చేస్తుంది. అందుకని పొడి గుడ్డతో తుడవడం అస్సలు వద్దు, వాచ్‌మన్ రోజూ పొద్దున్నే తుడిచే అలవాటు ఉంటే ముందు ఆయనకి చెప్పి ఆపించండి. వైపర్లు కూడా వేయొద్దు, అద్దం మీద గరుకు వైపర్ రబ్బరుని కోసేస్తుంది.

కారు నీడలో ఉండాలి, బానెట్ చేత్తో ముట్టుకుంటే చల్లగా ఉండాలి. పొద్దున్నే మొదలుపెట్టడం మంచిది. పైపుతో పై నుంచి కిందకి బాగా నీళ్లు కొట్టండి, దుమ్ము దానంతట అదే జారిపోవాలి. తర్వాత రెండు బకెట్లు, ఒకదాంట్లో కార్ షాంపూ, ఇంకోదాంట్లో ఉత్త నీళ్లు. మైక్రోఫైబర్ గ్లోవ్‌తో టాప్ నుంచి మొదలుపెట్టి కిందకి రండి, ప్రతిసారీ ఉత్త నీళ్ల బకెట్‌లో జాడించాకే మళ్లీ షాంపూలో ముంచండి. బట్టల సర్ఫ్, అంట్లు తోమే పీచు, గ్రీన్ స్క్రబ్బర్, ఇవేవీ కారు దగ్గరికి రాకూడదు.

బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఏరియాల్లో కడిగాక వెంటనే మెత్తటి మైక్రోఫైబర్ టవల్ అద్ది ఆరబెట్టాలి, లేకపోతే తెల్ల మరకలు ఇంకో తలనొప్పి. ఆర్వో ఫిల్టర్ నుంచి బయటికి వదిలేసే నీళ్లు పట్టి కారు కడుగుతుంటారు కొందరు, ఆ నీళ్లలో ఉప్పు ఇంకా ఎక్కువ ఉంటుంది, వద్దు.

ఎమల్షన్ పడి కొన్ని గంటలే అయితే ఈ కడగడంలోనే చాలా వరకు పోతుంది. రోలర్ నుంచి పడ్డ పెద్ద చుక్కలైతే షాంపూ నీళ్లలో తడిపిన టవల్‌ని వాటి మీద 10, 15 నిమిషాలు పరిచి ఉంచండి, మెత్తబడ్డాక గోరుతో కాకుండా ప్లాస్టిక్ బ్లేడుతోనో పాత ఏటీఎం కార్డు అంచుకి మైక్రోఫైబర్ చుట్టో మెల్లగా తోయండి. లప్పం గానీ సిమెంట్ గానీ చుక్కలుగా పడి ఎండిపోతే వాటిని రుద్దితే గీత పడడం ఖాయం, వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి దూది తడిపి చుక్క మీద కొద్ది నిమిషాలు పెట్టి, కరిగినంత తీసి, కడిగి, మళ్లీ పెట్టండి. ఓపిక కావాలి.

చిన్న చోట పరీక్ష

డోరు కింద భాగమో, డిక్కీ కింద మూలో, తుంపర్లు ఉండి కూడా ఎవరి కంటికీ పెద్దగా ఆనని చోటు ఎంచుకోండి. మాస్కింగ్ టేపుతో జానెడు డబ్బా గీసుకోండి. అందులోనే అన్నీ ప్రయత్నించాలి, తక్కువ ఘాటు నుంచి ఎక్కువ ఘాటుకి వరసగా. ఏది పనిచేస్తే అక్కడ ఆగిపోవాలి, దానికి మించి వెళ్లాల్సిన అవసరం లేదు.

ఎమల్షన్ అయితే ఐపీఏ, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, సెల్‌ఫోన్ రిపేరు వాళ్లు బోర్డులు కడగడానికి వాడేదే, అందులో సగానికి సగం మంచి నీళ్లు కలపండి. మైక్రోఫైబర్ తడిపి ఆ చోట అర నిమిషం అద్ది ఉంచి, ఒకవైపుకి తుడవండి. ఎండిన ఎమల్షన్ కూడా ఆల్కహాల్‌కి మెత్తబడుతుంది. నీళ్లు కలపకుండా నేరుగా వాడొద్దు, ఎక్కువసేపు ఉంచొద్దు.

ఎనామిల్ పడి ఒకటి రెండు రోజులే అయితే మినరల్ టర్పెంటైన్ పనికొస్తుంది, లేదా కార్ షాపుల్లో దొరికే తార్ రిమూవర్. గుడ్డ చివర కొంచెం తడిపి, అద్ది, కొన్ని క్షణాలు ఆగి, తుడిచి, వెంటనే షాంపూ నీళ్లతో కడిగేయాలి. వారం దాటి ఎనామిల్ బాగా ముదిరాక టర్పెంటైన్‌కి అది కరగదు, ఇంకా గట్టిగా రుద్దితే లాభం లేదు, నేరుగా కింద చెప్పబోయే క్లే బార్‌కి వెళ్లిపోవడమే. పీయూ అయితే ఈ మెట్టు మొత్తం వదిలేయండి. టర్పెంటైన్, ఐపీఏ రెండూ మండేవే, సెల్లార్‌లో గాలి ఆడని చోట, పక్కన ఎవరైనా సిగరెట్ వెలిగించే చోట పెట్టుకోవద్దు, చేతులకి గ్లోవ్స్ వేసుకోండి.

కిరోసిన్ వాడొచ్చా అని చాలామంది అడుగుతారు, అది టర్పెంటైన్ లాంటి పనే చేస్తుంది కానీ జిడ్డు పొర వదులుతుంది, దానికంటే టర్పెంటైనే నయం. పెట్రోల్ వద్దు, నిప్పు భయం ఒకటి, రబ్బరు బీడింగులు పాడవడం ఇంకొకటి. ఎన్‌సీ థిన్నర్, పీయూ థిన్నర్, అసిటోన్, నెయిల్ పాలిష్ రిమూవర్, ఇవి నా లెక్కలో అసలు లిస్టులోనే లేవు. కంపెనీలో బేక్ చేసిన క్లియర్ కోట్ థిన్నర్‌ని కొన్ని సెకన్లు తట్టుకోవచ్చు, కానీ ఎప్పుడో ఒక డోరుకో బంపర్‌కో బయట టచింగ్ చేయించి ఉంటే ఆ పెయింట్ అంత గట్టిది కాదు, గుడ్డకి రంగు ఊడి వస్తుంది. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లకి ఏ ప్యానెల్‌కి మళ్లీ పెయింట్ పడిందో తెలియదు, అందుకే ప్రతి ప్యానెల్ మీదా వేరుగా పరీక్ష చేయమంటున్నా. తెల్ల గుడ్డకి కారు రంగు అంటితే వెంటనే ఆపేయండి. పాత మారుతీ 800 లాంటి కార్లలో క్లియర్ కోట్ లేని పెయింట్ కూడా ఉంటుంది, వాటికి రంగు అంటడం మామూలే, అయినా ద్రావకాలు వాటికి వద్దు.

అసలు పని క్లే తోనే

ఇక్కడ నెమ్మదిగా చదవండి, ఎందుకంటే చాలా కేసుల్లో కారుని కాపాడేది ఇదే. క్లే బార్ అంటే సబ్బు బిళ్లలా ఉండే సాగే ముద్ద, జపాన్‌లో కార్ల కోసం తయారై ప్రపంచమంతా పాకింది. లోపల చాలా సన్నటి రాపిడి పదార్థం ఉంటుంది. పెయింట్ మీద బాగా తడి ఉన్నప్పుడు జరిపితే పైకి పొడుచుకుని ఉన్న చుక్కల్ని మాత్రమే పట్టుకుని లాగేస్తుంది, చదునుగా ఉన్న కారు పెయింట్ మీద జారిపోతుంది. ఆన్‌లైన్‌లో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే వెయ్యి లోపే దొరుకుతాయి. ఫైన్, మీడియం, హెవీ అని రకాలుంటాయి, ఎప్పుడైనా ఫైన్ తోనే మొదలుపెట్టండి. రంగుని బట్టి రకం అనుకోవద్దు, ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది, కవర్ మీద చదవండి.

జారడానికి లూబ్రికెంట్ కావాలి. క్లే తో పాటు వచ్చిన స్ప్రే వాడొచ్చు, లేదంటే వ్యాక్స్ కలవని కార్ షాంపూని లీటరు నీళ్లలో కొంచెం కలిపి స్ప్రే బాటిల్‌లో పోసుకోండి. ఆల్కహాల్ గానీ టర్పెంటైన్ గానీ ఇందులో కలపొద్దు, క్లే చితికిపోయి కారంతా అంటుకుంటుంది. ముందు ద్రావకం వాడి ఉంటే అది పూర్తిగా కడిగేశాకే క్లే పట్టుకోండి.

బార్‌లో పావు ముక్క తుంచి, చపాతీ పిండిలా పిసికి, మూడు వేళ్ల వెడల్పు బిళ్ల చేసుకోండి. చలికాలం గట్టిగా ఉంటే గోరువెచ్చని నీళ్లలో కాసేపు వేయండి. రెండు అడుగుల చదరం చోటే తీసుకోండి, అక్కడ ధారాళంగా స్ప్రే చేయండి, క్లే మీద కూడా చేయండి. వేళ్ల బరువు తప్ప ఏ ఒత్తిడీ లేకుండా ముందుకీ వెనక్కీ తిన్నగా జరపండి, గుండ్రంగా తిప్పొద్దు. మొదట గరగరమని చప్పుడు వస్తుంది, చేతికి పట్టుకున్నట్టు తెలుస్తుంది. జరిపే కొద్దీ చప్పుడు తగ్గుతుంది, తర్వాత క్లే నూనె మీద నడిచినట్టు జారుతుంది, అంటే ఆ చోటు అయిపోయింది. మైక్రోఫైబర్‌తో తుడిచి మళ్లీ ప్లాస్టిక్ కవర్ పెట్టి తడమండి. ఇంకా గరుకుంటే మళ్లీ స్ప్రే, మళ్లీ క్లే. మధ్యలో ఎక్కడా తడి ఆరిపోకూడదు, అందుకే చిన్న చోటు తీసుకోమన్నది.

కొద్దిసేపటికి క్లే ముఖం మీద పెయింట్ రంగు కనిపిస్తుంది, అది చూస్తే నిజంగానే ప్రాణం లేచొస్తుంది. మడిచి, పిసికి, శుభ్రమైన ముఖం బయటికి తెచ్చి మళ్లీ మొదలుపెట్టండి. ముక్క మొత్తం రంగు మారితే పారేయండి. కింద పడితే మాత్రం ఆ ముక్కని అక్కడికక్కడే పడేయాలి, కడిగి వాడదాం అనుకోవద్దు, దాంట్లో ఇరుక్కున్న ఒక్క ఇసుక రేణువు బానెట్ మీద పొడుగాటి గీత పెడుతుంది. బార్‌ని ముక్కలు చేసుకోమన్నది అందుకే.

ఫైన్ తో రెండు మూడు సార్లు చేసినా కదలకపోతేనే మీడియం. మీడియం, ముఖ్యంగా నల్ల, ముదురు నీలం కార్ల మీద, సన్నటి మసక గీతలు వదులుతుంది, వాటికి తర్వాత పాలిష్ తప్పదు, అది ముందే లెక్కలో పెట్టుకోండి. క్లే టవల్, క్లే మిట్ అని కూడా వస్తున్నాయి, కింద పడినా కడుక్కుని వాడొచ్చు, పని తొందరగా అవుతుంది, కానీ మసక కూడా కొంచెం ఎక్కువే. పెద్ద ఎస్‌యూవీ మొత్తం తుంపర్లు పడి ఉంటే అవి నయం, ఒక్క బానెట్, టాప్ అయితే బారే మంచిది.

కారు మొత్తం ఒక్క రోజులో అవ్వాలని లేదు. ఒక రోజు టాప్, బానెట్, ఇంకో రోజు డోర్లు అని పెట్టుకోండి, చేయి అలసిపోయాక ఒత్తిడి పెరుగుతుంది, గీతలు పడేది అప్పుడే.

పెయింట్ కాని భాగాలు

అద్దాలు అన్నిటికంటే సులువు. షాంపూ నీళ్లతో తడిపి, కొత్త బ్లేడుని హోల్డర్‌లో పెట్టి, బాగా వాల్చి పట్టుకుని ఒకే దిక్కుకి తోయండి, వెనక్కి లాగొద్దు. బయటి వైపు మాత్రమే, వెనక అద్దం లోపలి వైపు డీఫాగర్ గీతలుంటాయి, వాటి జోలికి పోకూడదు.

హెడ్‌లైట్లు పాలీకార్బొనేట్ ప్లాస్టిక్, థిన్నర్ తగిలితే లోపల సన్నటి పగుళ్లు వస్తాయి, అవి మళ్లీ పోవు. ఫైన్ క్లే, బోలెడు లూబ్రికెంట్, అంతే. నల్ల గరుకు ప్లాస్టిక్ మీద క్లే వాడొద్దు, సందుల్లో ఇరుక్కుంటుంది, మెత్తటి బ్రష్‌తో ఆల్ పర్పస్ క్లీనర్ నీళ్లలో కలిపి మెల్లగా తోమండి. రబ్బరు బీడింగులకి షాంపూ మాత్రమే. నంబర్ ప్లేట్ హై సెక్యూరిటీది, రిఫ్లెక్టివ్ షీటు, హోలోగ్రామ్ ఉంటాయి, దానికీ ద్రావకం వద్దు. రివర్స్ కెమెరా లెన్స్‌కి తడి మైక్రోఫైబర్ చాలు.

పీపీఎఫ్, అంటే పెయింట్‌ని కాపాడే పారదర్శక ఫిల్మ్, వేయించిన కారైతే ఫిల్మ్ వేసినవాళ్లకి ఫోన్ చేయకుండా ఏ పనీ మొదలుపెట్టొద్దు. సిరామిక్ కోటింగ్ ఉంటే క్లే చేయొచ్చు గానీ కోటింగ్ కూడా కొంత పోతుంది, మళ్లీ వేయించుకోవాల్సి రావొచ్చు, కాంట్రాక్టర్‌తో ఖర్చు మాట్లాడేటప్పుడు ఇది కలపండి. మ్యాట్ ఫినిష్ కారుకి క్లే, పాలిష్ రెండూ పనికిరావు, మెరుపు మచ్చలు పడతాయి, తెలిసిన డీటెయిలింగ్ వాళ్లకే ఇవ్వండి.

పాలిష్, దాని తర్వాత

క్లే అయ్యాక మళ్లీ షాంపూతో కడగండి. ఎండలో ఒక పక్కకి వంగి చూడండి, లేదా ఫోన్ టార్చ్ వేసి చూడండి, మసక ఏమీ లేకపోతే పాలిష్ అక్కర్లేదు. ఉంటే ఫినిషింగ్ పాలిష్, ఫోమ్ అప్లికేటర్, చేత్తోనే చేసుకోవచ్చు. రబ్బింగ్ కాంపౌండ్ దాకా వెళ్తే క్లియర్ కోట్‌లో కొన్ని మైక్రాన్లు పోతాయి, కాబట్టి అది చివరి ఉపాయం. డోరు అంచులు, బానెట్ మీద మడత గీతల దగ్గర క్లియర్ కోట్ పల్చగా ఉంటుంది, అక్కడ అసలు ఒత్తొద్దు.

షాపుకి ఇచ్చేవాళ్లు మూడు ప్రశ్నలు అడగండి. క్లే చేస్తారా, థిన్నర్ వాడతారా, పాలిష్‌కి డ్యూయల్ యాక్షన్ మెషినా (పెయింట్‌కి ఇదే సురక్షితం) లేక రోటరీ బఫ్ఫరా. "థిన్నర్‌తో తుడిచి బఫ్ కొట్టేస్తాం సార్, గంటలో ఇస్తాం" అన్నారంటే తాళం వెనక్కి తీసుకుని వచ్చేయండి. థిన్నర్ ఘాటు, రాపిడి రెండూ ఒకేసారి పడితే అంచుల్లో రంగు తేలిపోతుంది, అప్పుడు మిగిలేది ప్యానెల్ మొత్తం మళ్లీ పెయింట్ చేయించడమే. పీయూ తడిగా వచ్చి కారంతా పడిందంటే మాత్రం ఇంట్లో ప్రయోగం చేయకుండా మంచి షాపుకే ఇవ్వండి, వాళ్ల దగ్గర పెయింట్ మందం కొలిచే మీటరు ఉంటుంది, ఎక్కడ ఎంత మిగిలిందో చూసుకుంటూ చేస్తారు.

క్లే చేసిన పెయింట్ మీద ఏ రక్షణా ఉండదు, పాత వ్యాక్స్ మొత్తం దాంతోపాటే పోయింది. అదే రోజు వ్యాక్స్ గానీ సీలెంట్ గానీ పల్చగా వేసి తుడిచేయండి. ఈసారి తుంపర పడినా ముందు ఆ పొర మీదే పడుతుంది, తీయడం చాలా తేలిక.

బిల్డింగ్ పని ఇంకా నడుస్తుంటే మేస్త్రీని రేపు ఏ వైపు కొడతారు, రోలరా స్ప్రేనా అని ముందు రోజు సాయంత్రమే అడిగి, పెయింట్ పొగ గాలికి కొట్టుకొచ్చే వైపు కాకుండా దానికి అవతలి వైపు కారు పెట్టుకోండి. వేరే చోటు లేకపోతే మెత్తటి లోపలి పొర ఉన్న కార్ కవర్ వేయండి, అదీ కారు కడిగి దుమ్ము లేకుండా చేశాకే. టార్పాలిన్ గానీ పల్చటి ప్లాస్టిక్ షీటు గానీ నేరుగా కప్పి తాడు కడితే గాలికి రోజంతా కొట్టుకుని తుంపర కంటే ఎక్కువ గీతలు అదే పెడుతుంది.